ప్రతిపక్ష నాయకుడి పగటి బువ్వ

నా చిన్నప్పుడు మా హైస్కూల్లో మధ్యాహ్నం అన్నానికి వదిలే సమయం ఎంత పొడుగ్గా ఉండేదంటే, ఊరి పిల్లలం ఇంటికి పోయి, తిని, కునుకు తీసి, లేచాక మళ్లీ ఆకలేస్తే మళ్లీ తిని కూడా బడికి వేళకు చేరేవాళ్లం. మా అవ్వ వేసే జొన్నరొట్టె ఎడ్లబండి చక్రమంత. ఆమె పోసే పప్పుచారులో నేను ఈత నేర్చుకున్నానంటే అతిశయోక్తి అనుకుంటారు గానీ, ఆ రోజుల్లో మా ఊరి చెరువు కంటే మా కంచమే లోతుగా ఉండేది. ఈ అన్నం సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన రాజకీయమంతా దాని మీదే నడిచింది.

నెల్లికుదురుకు కొంచెం అవతల ఉండే మా ఊరు మానుకోట నుంచి చూస్తే లోకం చివర, మా తాతయ్య అరుగు మీద నుంచి చూస్తే లోకం నడిమధ్య. ఆయన మాజీ సర్పంచ్. ఊరు ఆయన్ని మాజీ అనుకునేది, ఆయన మాత్రం అనుకునేవాడు కాదు. అందుకే మా సోషల్ సారు తొమ్మిది, పది తరగతుల ప్రజాస్వామ్యం పాఠాలను పుస్తకంలోంచి బయటికి లాగి, స్కూల్ లీడర్‌కు నిజమైన ఎన్నిక పెడతానన్నప్పుడు, మా ఇంట్లో నేను గెలిచినట్టే లెక్క. మా మేనమామ గెలుపు దండ ముందే తెచ్చి తడిగుడ్డలో చుట్టి పెట్టాడు.

శనివారం బడి రద్దు చేస్తానని, లెక్కల సారును సముద్రం ఉన్న జిల్లాకు బదిలీ చేయిస్తానని, బోరింగులో షర్బత్ వచ్చేలా చూస్తానని నేను హామీలిచ్చాను. నా మీద నిలబడ్డది తండా నుంచి వచ్చే మా క్లాసు పిల్ల. ఆమెది ఒక్కటే మాట. "సాయంత్రం ఇంటిగంట జర ముందుగాల కొట్టిపిస్త." అంతే చెప్పి కూర్చుంది.

చాక్‌పీసుల డబ్బాలోంచి తెల్లటి పొడి పూసుకుని ఓట్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. నేను ఓడిపోయాను. మామూలుగా కాదు, ఆ చుట్టుపక్కల బళ్లన్నింటిలోనూ అంత ఘనంగా ఓడినవాడు లేడు. నాతో ఒకే కంచంలో తిన్న మా చిన్నాయన కొడుకు కూడా ఆమెకే వేశాడు. ఎందుకురా అంటే, "జల్ది ఇంటికి పోవచ్చు గదనే" అన్నాడు. దండ మా బర్రె మెడలో పడింది. అది నాకంటే హుందాగా వేసుకుంది.

ఓడినవాణ్ని వెనక బెంచీలో దాక్కుంటే సోషల్ సారు పిలిచాడు. ఆయనది బచ్చన్నపేట. వానల కోసం ఎదురుచూసే నేల నుంచి వచ్చినందుకేమో, ఆయనకు ఓపిక ఎక్కువ. "ఓడినోడు పండుకుంటె ఎట్లరా? సగం పని నీదే" అని నన్ను ప్రతిపక్ష నాయకుణ్ని చేశాడు. కిటికీ పక్కన కుర్చీ ఇచ్చాడు. ప్రతి శనివారం సభలో నేను ఒక ప్రశ్న అడగొచ్చు. ఎవరిని అడిగితే వాళ్లు, మా హెడ్మాస్టర్ పెద్దసారైనా సరే, అందరి ముందు జవాబు చెప్పాలి.

నాకు పండుగైంది. మొదటి శనివారమే లేచి, "లీడర్ గారూ, ఇంటిగంట ఎప్పుడు ముందు కొట్టిపిస్తరు?" అన్నాను. "పెద్దసారును అడుగుతున్న" అంది ఆమె తలొంచుకుని. మరుసటి శనివారం మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు. మూడోసారికి నేను గొంతు సవరించుకుంటుంటే సారు పక్కకు పిలిచాడు.

"ప్రశ్న మంచిగనే ఉన్నది. గని జవాబు నీకెందుకు కావాల్నో నీకే తెల్వదు. ఇయ్యాల తండా పిల్లలతోని వాళ్ల ఇండ్ల దాక నడువు. ప్రతిపక్షమన్నంక పర్యటన చెయ్యాలె గద."

మా చివరి పీరియడ్ నడుస్తుండగానే తండా వైపు పోయే ఎర్రబస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయేది. ఆ తర్వాత ఇంటిగంట. ఆ తర్వాత ఆ దారిన బస్సే లేదు. రోజూ చూసే బస్సే అయినా, దాంతో నాకేం పని లేదు గనుక నాకు కనబడలేదు. చలికాలం. పత్తి చేన్లు దాటేసరికి మసక, వాగు దాటేసరికి చీకటి. పొదల్లోంచి ఏనుగంత ఎలుగుబంటి నా మీదికి దూకింది. దూకాక అది దారితప్పిన బర్రెదూడ అని తేలింది. అప్పటికే నేను చాలా దూరం పోయాను. వెనక ఆడపిల్లలు వాళ్ల భాషలో ఏదో అనుకుని పొట్టలు పట్టుకుని నవ్వారు. ఏమన్నారని లీడర్‌ను అడిగాను.

"ఏం లేదు. గీయనకు ఓటెయ్యకపోవుడే మంచిగైందంటున్నరు."

తండా మొదట్లో తండ్రులు టార్చిలైట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. లీడర్ తండ్రి నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని మా ఊరికి బయల్దేరాడు. వాగు దాటాక మెల్లగా, "ఈ నెల చూస్త బిడ్డా. ఆడపిల్లను గింత చీకట్ల రోజు నడిపియ్యలేను. గంట మారకపోతే బడి బందే" అన్నాడు. సభలో తలొంచుకున్న ఆమె ముఖం అప్పుడు గుర్తొచ్చింది. నేను ఎగతాళికి అడిగిన ప్రశ్న మీదే ఆమె చదువు ఆగి ఉంది.

తర్వాతి శనివారం నా ప్రశ్న పెద్దసారుకు మళ్లింది. "బస్సు పోయినంక గంట ఎందుకు కొడుతున్నరు సార్?"

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "పీరియడ్లు తగ్గియ్యరాదు. గంట ముందు కొట్టాల్నంటే పగటన్నం టైం సగం చెయ్యాలె. ఇంటికి పోయి తినుడు బందైతది. మీ ఊరోళ్లు ఊకుంటరా? ముందుగాల మీ తాతే వస్తడు కొట్లాటకు."

ముందు కొట్టే గంటకు ఓటేసిన ఊరి పిల్లలంతా, వాళ్ల కంచాలు నేను ఎత్తుకుపోతున్నట్టు చూశారు. నా కళ్ల ముందు బండి చక్రమంత రొట్టె దొర్లుకుంటూ దూరమైపోయింది. సోషల్ సారు వైపు చూస్తే, ఆయన కిటికీలోంచి బయట ఏదో మహా అద్భుతం ఉన్నట్టు అటే చూస్తున్నాడు. లీడర్ మాత్రం నన్నే చూస్తోంది.

"మా తాతకు నేను చెప్త సార్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నా కడుపు ఇప్పటికీ నమ్మదు.

ఇంట్లో అవ్వ శాపనార్థాలు పెట్టింది. తాతయ్య గుమ్మం దాకా సాగిన మీసాన్ని దువ్వుకుంటూ అంతా విన్నాడు. "ఓడినోనివి, నీకెందుకురా గీ లొల్లి?" అన్నాడు. "ఓడినోనికే అడిగే పని ఇచ్చిండ్రు తాతా" అన్నాను. తండా దాకా నడిచిన సంగతి చెప్పాను. ఎలుగుబంటిని అలాగే ఉంచాను. ఆయన లేచి, కర్ర ఎక్కడుందని అడిగాడు.

సోమవారం ఆయన కర్ర తాటించుకుంటూ బడికి బయల్దేరితే, కొట్లాట చూద్దామని సగం ఊరు వెనకాలే వచ్చింది. తాతయ్య పెద్దసారు ముందు నిలబడి, "సగం చెయ్యిండ్రి. మా పోరగానికి సద్ది కడ్తం" అని తిరిగొచ్చేశాడు. వచ్చినవాళ్లంతా ఉసూరుమన్నారు.

ఆ వారమే ఇంటిగంట బస్సు కంటే ముందు మోగింది. బస్సు కిటికీలోంచి లీడర్ నాకు నాలుక బయటపెట్టి వెక్కిరించింది. సభామర్యాద ప్రకారం నేను కూడా వెక్కిరించాను.

ఇప్పుడు ఆమె భూపాలపల్లి దిక్కు ఘనపూర్ దగ్గర ఒక బళ్లో సోషల్ చెబుతోంది. అక్కడా పిల్లలకు ఎన్నిక పెట్టి, ఓడినవాళ్లకు కిటికీ పక్క కుర్చీ వేస్తుందట. నేను ఏ మీటింగుకు పోయినా చెయ్యెత్తుతాను, నన్ను చూసి కాలనీ పెద్దలు మైకు దాచేస్తారు. అడిగేముందు మాత్రం, జవాబు ఎవరికి కావాలో ఒకసారి వాళ్ల దారి నడిచి వస్తాను. అన్నం మాత్రం ఈ నాటికీ గబగబా తినేస్తాను. "ఎవలు తరుముతున్నరు?" అని మా ఆవిడ విసుక్కుంటుంది.

అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట ఫోన్ మోగుతుంది. "ఏం ప్రతిపక్షం, బువ్వ తిన్నవా?"

"తిన్న లీడర్," అంటాను. "మీ బస్సు దొరికిందా?"