మడిచిన మార్కుల కాగితం

బాన్సువాడ నుంచి బీర్కూర్ వెళ్లే బస్సులో, ఒళ్లో రెండు మార్కుల జాబితాలు పెట్టుకున్నాను. బడికి ముందు నేను పెట్టిన పొద్దుటి క్లాసులు మొదలవక ముందువి ఒకటి, తర్వాతవి ఒకటి. సగటు రెండు మార్కులే పెరిగింది. "రెండు మార్కుల కోసం ఈ క్లాసులెందుకు, ఇక మానేద్దాం" అని ఫోన్‌లో తోటి టీచరుకు చెప్పాను.

పక్కనున్న అంగన్‌వాడీ ఆమె విన్నది. "నెలనెల పిల్లల బరువు జోకుతం మేడం. పక్క పిల్లతోని పోల్చి చూడం, పోయిన నెల ఆ పిల్లే ఎంతుండెనో గది చూస్తం" అంటూ నా ఒళ్లోని ఒక కాగితాన్ని నిలువునా మడిచి రెండోదానికి ఆనించింది. ఒక్కో పేరు పక్కన పాత మార్కు, కొత్త మార్కు కనబడ్డాయి. ఒక్కరికి తప్ప అందరికీ కొంచెం పెరిగాయి.

"అదృష్టంతోనైతే కొందరికి పెరుగుతది, కొందరికి తగ్గుతది. గింతమందికి పెరగది."

లెక్కల టీచరునైన నేను ఆ మడత పక్కన పెరిగిన పేర్లను ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

దిగబోతూ ఆమె, తగ్గిన పేరు మీద వేలు పెట్టింది. "గీ పిల్లకు ఏమైందో అడుగుండ్రి."

సగటులో ఆ పిల్ల నాకు కనబడనే లేదు.