యాభై తీసి యాభై కలిపితే

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో కనిపించే దుకాణదారులంత మర్యాదస్తులను నేను బయట ఎక్కడా చూడలేదు. వస్తువు మీద అచ్చువేసిన ధర ఎంతో వాళ్లే చెబుతారు. అందులో ఎంత శాతం తగ్గించారో చెబుతారు. తగ్గించగా మిగిలిన దాని మీద జీఎస్టీ ఎంతో కూడా దాచకుండా చెబుతారు. చివరికి చేతిలోంచి ఎంత పోతుందో మాత్రం మనల్నే కనుక్కోమంటారు. ఏటా ఆ దుకాణాలన్నిటికీ పిల్లలను తిప్పి తీసుకురావడమే నా ఉద్యోగం.

కరీంనగర్ నుంచి బస్సులో గంటసేపు వెళ్తే వచ్చే చిన్న పట్నంలో మాదొక ప్రైవేటు బడి. పొద్దంతా సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్యే పాఠాలు చెబుతాం. పిల్లల తండ్రుల్లో సగం మంది ఆ సాంచల మీద బట్ట నేసేవాళ్లు. తల్లులు ఇంట్లో కూర్చుని బీడీలు చేసేవాళ్లు.

పన్నుల పాఠం మొదలుపెట్టే ముందు ఇంట్లో ఉన్న బిల్లులు తెమ్మని పిల్లలకు చెప్పడం నా అలవాటు. ఒక ఏడాది నలభై మందిలో ఆరుగురే తెచ్చారు. అందులో రెండు పెట్రోలు బంకు చీటీలు.

"మీ ఇంట్లో ఏమీ కొనరా?" అని ముందు బెంచీ పిల్లను అడిగాను.

"కొంటం మేడం. మొన్న మిక్సీ కొన్నం. దుకానాయన బిల్లు గావాల్నా, తక్కువకు గావాల్నా అనడిగిండు. మా బాపు తక్కువకే అన్నడు."

తరగతి అంతా నవ్వింది. పన్ను ఎగ్గొట్టడం తప్పని, ఆ పన్నుతోనే రోడ్లు వేస్తారని పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. మా ఇంట్లో తిరుగుతున్న కూలర్‌కు కూడా బిల్లు లేదన్న సంగతి పాఠంలో భాగం కాదు గనక చెప్పలేదు.

ఇలా ఏటేటా ఇతరుల డబ్బు మీద శాతాలు కట్టించిన దాన్ని, నా డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎలా బోల్తా పడ్డానో చెప్పాలి.

కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు మాకు కొన్నాళ్లు జీతమే లేదు. తర్వాత ఫోనులో పాఠాలు మొదలయ్యాక సగం జీతం ఇచ్చారు. నాకు పదహారు వేలు ఉండేది, ఎనిమిది అయింది. బడులు తెరిచారు, పిల్లలు వచ్చారు, ఫీజులు వచ్చాయి. సగం మాత్రం సగంగానే ఉండిపోయింది.

మా బడి యజమానిని అందరం కరస్పాండెంట్ సార్ అంటాం. ఆయన ఎవరితో ఉత్తర ప్రత్యుత్తరాలు జరుపుతారో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక జూన్ నెలలో, బడి మొదలైన మొదటి శనివారం, ఆయన అందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. అందరికీ చాయ్ కూడా పోయించారు. చాయ్ వచ్చిందంటేనే మాకు అనుమానం రావాల్సింది.

"కష్టకాలంల మీరు నాతోని నిలబడ్డరు," అన్నారాయన. గొంతు కొంచెం వణికించారు. "నేను మర్సిపోలే. అప్పుడు యాభై శాతం తగ్గించిన. ఇయ్యాల అందరి జీతం యాభై శాతం పెంచుతున్న."

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, గట్టిగానే. లెక్కల టీచర్‌ను, మొదటి వరసలో కూర్చున్నాను, అరచేతులు మండేదాకా కొట్టాను.

బయటికి రాగానే తెలుగు సారు సొంత డబ్బుతో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. "యాభై తీసిండు, యాభై ఇచ్చిండు. లెక్క సాఫ్. ఎంతైనా మనిషి మంచోడు," అన్నాడు. నేను రెండు బజ్జీలు తిని, మూడోది కాగితంలో చుట్టుకుని మా అవ్వకు తీసుకెళ్లాను.

మా అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను. ఆమె బడి ముఖం చూడలేదు. ఒళ్లో చాట పెట్టుకుని నలభై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. కార్ఖానాలో గుమాస్తా వెయ్యికి ఎన్ని బీడీలు బాగా లేవని ఏరి పక్కన పడేస్తాడో, వాటికి ఎంత కూలి తెగుతుందో చూసీ చూసీ ఆమెకు ఎవరు ఏమి ఇస్తామన్నా నమ్మకం ఉండదు.

"అవ్వా, జీతం పెరిగింది. యాభై శాతం," అన్నాను.

"శాతం నేనేం జేసుకోను బిడ్డా. చేతికెంతొస్తది?"

"పన్నెండు వేలు."

"కరోనాకు ముంగట ఎంతుండె?"

"పదహారు."

ఆమె బీడీకి దారం చుట్టడం ఆపి నా వైపు చూసింది. "మరి పెరిగింది అంటవేందే? నాలుగు వేలు పాయె గదా."

"అది గాదవ్వా. అప్పుడు ఎనిమిదికి తగ్గించిండ్రు గదా. గిప్పుడు అండ్ల యాభై శాతం..."

తగ్గించినప్పుడు యాభై శాతం పదహారు మీద. పెంచినప్పుడు యాభై శాతం ఎనిమిది మీద. తీసింది ఎనిమిది, ఇచ్చింది నాలుగు. దేని మీద శాతం అన్నది చూడకుండా శాతాలు కూడవద్దు, తీయవద్దు అని నల్లబల్ల మీద రాసి, కింద రెండు గీతలు గీసి, పిల్లలతో మూడుసార్లు చెప్పించేది నేనే.

"చప్పట్లు గూడ కొట్టిన అవ్వా," అన్నాను.

"కొడితే కొట్టినవు తియ్. బజ్జీ సల్లారింది," అంది అవ్వ.

సోమవారం స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్పాను. కాగితం మీద వేసి మరీ చూపించాను. సైన్సు మేడం కాగితాన్ని చించి చెత్తబుట్టలో వేసి, "ఊకో మేడం. లెక్కలు ఎక్కువ జేస్తే ఉన్నది గూడ పోతది," అంది. తెలుగు సారుకు నిజంగానే కోపం వచ్చింది.

"ఇదంత బజ్జీలు తిన్నంక జెప్తవా?" అన్నాడు.

కరస్పాండెంట్ దగ్గరికి వెళ్లి అడుగుదామని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. ధైర్యం లేని మనిషికి కూడా కోపం ఉంటుంది, అదే చిక్కు. నా కోపం ప్రశ్నపత్రంలోకి వెళ్లింది.

బిల్లులు ఆరే వచ్చిన ఆ తరగతికి పన్నుల పాఠం అయ్యాక పెట్టిన పరీక్షలో ఆఖరి ప్రశ్న ఇలా రాశాను. ఒక దుకాణదారు పదహారు వేల రూపాయల ఫ్రిజ్ ధరను యాభై శాతం తగ్గించాడు. ఏడాది తర్వాత ఆ తగ్గిన ధరను యాభై శాతం పెంచి, 'మళ్లీ పాత ధరకే వచ్చాం' అన్నాడు. అతను చెప్పింది నిజమా? కారణం రాయండి. కొత్త ధర మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే బిల్లు ఎంత?

జీఎస్టీ కలపడం నా ముసుగు. అది ఉంటే మామూలు లెక్కలాగా కనిపిస్తుందని.

పిల్లల్లో ముప్పావు వంతు మంది సరిగ్గా చేశారు. పన్నెండు వేల మీద రెండు వేల నూట అరవై పన్ను, మొత్తం పద్నాలుగు వేల నూట అరవై. ఒకడు మాత్రం 'నిజమే, ఎందుకంటే దుకాణదారు స్వయంగా చెప్పాడు' అని రాశాడు. ఉద్యోగంలో చేరితే బాగా పైకి వస్తాడు. మిక్సీ కొన్న ఇంటి పిల్ల రాసిన జవాబు ఇదీ: 'నిజం కాదు. దుకాణదారుకు లెక్కలు రావు. లేకపోతే మనకు రావనుకుంటున్నాడు.' ఆమెకు ఆ ప్రశ్నకు ఇవ్వగలిగినన్ని మార్కులూ ఇచ్చాను.

నేను మరచిపోయిన సంగతి ఒకటుంది. కరస్పాండెంట్ గారి కూతురు కూడా ఆ తరగతిలోనే చదువుతోంది. ఆ పిల్ల ఇంట్లో ప్రశ్నపత్రం చూపించి, "డాడీ, నువ్వు జెయ్యి చూద్దం," అందట. ఆయన ఫ్రిజ్ లెక్క వైపు ఒక్క చూపు చూసి, "పాత ధరకే వస్తది, గింత ఈజీ లెక్క అడుగుతరా పరీక్షల?" అన్నారట. మర్నాడు ఆ పిల్ల తరగతిలో లేచి నిలబడి, "మేడం, మా డాడీ తప్పు జేసిండు," అని సంతోషంగా ప్రకటించింది.

మధ్యాహ్నానికి నన్ను పిలిచారు. ఆయన గది చల్లగా ఉంటుంది. గోడల నిండా మొదటి ర్యాంకుల పిల్లల ఫొటోలు. ప్రశ్నపత్రం బల్ల మీద ఉంది.

"ఏం మేడం, గీ ఫ్రిజ్ లెక్క మీరే రాసిండ్రా?"

"అవును సార్."

"పదహారు వేలే ఎందుకు? పదిహేను వేలకు దొరకయా ఫ్రిజ్‌లు?"

"దొరుకుతయి సార్. లెక్క తెగాలె గదా అని పదహారు పెట్టిన."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టారు, తీసి పెట్టారు. "మరి ఆ దుకానాయన ఎంత పెంచాల్నంటరు మీరు? పాత ధరకు రావాల్నంటే?"

"నూటికి నూరు సార్."

"నూటికి నూరా!" ఆయన నిజంగా ఉలిక్కిపడ్డారు. "ఎవడన్న నూటికి నూరు పెంచుతడా మేడం? బయట తెలిస్తే మిగతా స్కూలోళ్లు నన్ను... ఆ దుకానాయన్ను ఏమంటరు?"

"పెంచుడు గాదు సార్ అది. తీసింది మళ్ల ఇచ్చుడు."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వచ్చింది. కొంగు చివర వేలికి చుట్టుకున్నాను. బల్ల అడ్డంగా ఉంది గనక ఆయనకు కనపడలేదు.

"దుకానాయనకు గూడ పరేషాన్‌లుంటయి మేడం. బిల్డింగు కిరాయి, బస్సుల డీజిల్..."

"ఫ్రిజ్‌కు గూడ ఇంటి కిరాయి ఉంటది సార్. పోయిన నెల ఐదు వందలు పెంచిండ్రు," అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశారు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆ చూపులో, గోడమీది ఫొటో మాట్లాడితే చూసినట్టు. "పోండ్రి, బెల్లయితది," అన్నారు.

వారం రోజులు ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. పెద్దపల్లిలో ఒక బడికి ఫోను చేసి ఖాళీ ఉందేమో కూడా కనుక్కున్నాను. ఎనిమిదో రోజు నోటీసు వచ్చింది. ఉద్యోగం పోలేదు. అందరి జీతం ఇంకో ఇరవై అయిదు శాతం పెంచారు.

నాకు పన్నెండు వేలు పదిహేను వేలయింది. తెలుగు సారు వేళ్ల మీద లెక్కేసి, "మొన్న యాభై, ఇయ్యాల ఇరవై అయిదు. ఒక్క ఏడాదిల డెబ్బై అయిదు శాతం! జిల్లాల ఎవ్వలన్న ఇచ్చిండ్రా?" అన్నాడు. కరస్పాండెంట్ కూడా మీటింగులో అదే అన్నారు. నిజానికి ఎనిమిది నుంచి పదిహేనుకు పెరిగిందంటే ఎనభై ఏడున్నర శాతం. పాపం, ఆయనకు గొప్పలు చెప్పుకోవడం కూడా సరిగ్గా రాలేదు. పదహారు నుంచి చూస్తే మాత్రం ఇంకా వెయ్యి తక్కువే. ఈసారి నేను కాగితం తీయలేదు. చాయ్ తాగి, మూడు వేలు వచ్చినందుకు చప్పట్లు కొట్టాను. అరచేతులు మండనంత మెల్లగా.

అక్కడితో అయిపోతే నా గురించి నేను కొంచెం మంచిగా చెప్పుకోవచ్చు. మరుసటి వేసవిలో ఆయన మళ్లీ పిలిచారు.

"మేడం, మీకు పర్సెంటేజీలు మంచిగొస్తయి. కొత్త ఫీజుల కరపత్రం మీరే రాయుండ్రి."

పాత ఫీజు ఇరవై వేలు. దాన్ని ఇరవై అయిదు శాతం పెంచి పాతిక వేలు చేయాలి. మే నెల లోపు కట్టినవాళ్లకు పది శాతం రాయితీ ఇవ్వాలి. అంటే ఇరవై రెండు వేల అయిదు వందలు. కరపత్రంలో పాతిక వేలు చిన్న అక్షరాల్లో, పది శాతం రాయితీ పెద్ద ఎర్ర అక్షరాల్లో ఉండాలి. నేను రాశాను. ఆయన చూసి, తల గోక్కుని, "ఇంకోటి పెట్టుండ్రి. జీఎస్టీ పూర్తిగా మాఫీ," అన్నారు.

"సార్, బడి ఫీజు మీద జీఎస్టీ ఉండదు."

"ఉండది గదా?"

"ఉండది సార్."

"మనం తీసుకోం గదా?"

"తీసుకోం సార్."

"మరి మాఫీయే గదా మేడం!"

అన్నేళ్ల అనుభవంలో నాకు జవాబు దొరకని లెక్క అదొక్కటే. రాశాను. అక్షరాలు కుదురుగా రావాలని కింద స్కేలు కూడా పెట్టుకున్నాను.

మే నెలలో ఫీజు కౌంటర్ దగ్గర నన్నే కూర్చోబెట్టారు. పిల్లవాణ్ణి ఆరో తరగతిలో చేర్చడానికి ఒకామె వచ్చింది. భర్త సాంచల మీద పని చేస్తాడట. కొంగు ముడి విప్పి డబ్బు లెక్కపెట్టి నా ముందు పెట్టింది. చేతిలో నేను రాసిన కరపత్రం, నాలుగు మడతలుగా.

"పది శాతం తగ్గించి, మీదికెల్లి జీఎస్టీ గూడ ఇడిసిపెట్టిండ్రట గదా మేడం? మా ఇంటి పక్కామె సదివి జెప్పింది."

నేను రసీదు పుస్తకం కింద కార్బన్ సర్దుకున్నాను. చెప్పడానికి నాకు నోరుంది. ఎదురుగా ఉన్నది కరస్పాండెంట్ కాదు, కొంగు వేలికి చుట్టుకోవాల్సిన పని కూడా లేదు.

"అవునమ్మా," అన్నాను.

"సల్లగుండాలె మీ సారు. ఆయనకు నేనన్ననని జెప్పుండ్రి మేడం."

రసీదు చింపి ఇచ్చాను. సాయంత్రం తాళాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆయనకు చెప్పాను. చాలా సంతోషించారు. వచ్చే ఏడు కరపత్రంలో జీఎస్టీ మాఫీని అన్నిటికంటే పైన వేయమన్నారు.