తుంగభద్ర దాటిన ఓబుళప్ప, చెరువు దాటిన సంగతి

ధర్మవరం చెరువు ఏడాదికొకసారి నిండే చెరువు కాదు. నిండితే నిండినట్టు, లేకుంటే పిల్లోళ్లు దాని నడిమధ్యలో గోలీలాడుకునేవాళ్లు, సంతకు పోయే బండ్లు అడ్డదారని దాంట్లో దిగి పోయేవి. వరసగా కొన్నేండ్లు నీళ్లు రాక ఆ చెరువు కప్పలు ఈత మరిచిపోయినాయని, తీరా నీళ్లొచ్చినాక గట్టు మీద వరసగా కూర్చుని, ముందు నువ్వు దిగంటే నువ్వు దిగని ఒకదాన్నొకటి తోసుకున్నాయని చెప్పేవాళ్లు. చెప్పేవాళ్లంటే ఇంకెవరు, ఓబుళప్పే.

ఓబుళప్ప పట్టుచీరలు నేసే మనిషి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే చెయ్యి ఎంత ఆడేదో నోరు దానికి రెండింతలు ఆడేది. ఆయన దగ్గర కథలు చాలా ఉండేవి గానీ, అన్నిటికీ పెద్దది తుంగభద్ర కథ. పెండ్లి కాకముందు ఒకసారి ఆ పక్కకు పోయినప్పుడు, పుట్టి నడిపేవాడు జ్వరంతో పడుకుంటే, తానే తెడ్డు పట్టి పుట్టెడు జనాన్ని ఏరు దాటించినాడట. పుట్టి అంటే వెదురు దబ్బలతో పెద్ద గంపలాగా అల్లి, కింద తోలు కుట్టి, తారు పూసిన గుండ్రటి పడవ.

పెండ్లయిన కొత్తలో కథలోని ఆ ఏట్లో నీళ్లు మామూలుగానే ఉండేవి. ఏడాది తిరిగేసరికి వరద వచ్చింది. మొదటి బిడ్డ పుట్టేనాటికి వరదలో మొసలి వచ్చింది. రెండో బిడ్డ నాటికి ఆ మొసలి పుట్టి అంచు మీద గడ్డం ఆనించి, లోపల ఎవరెవరున్నారని చూస్తాంటే, ఓబుళప్ప తెడ్డుతో దాని ముక్కు మీద మెల్లగా తట్టి, పక్కకు జరుగబ్బా పొద్దుపోతాంది, అన్నాడట. అది జరిగిందట.

వీధి వీధంతా ఆ కథ విని నవ్వేది. నమ్మేవాళ్లు మాత్రం ఎవరూ లేరు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు ఆయన పెండ్లాం వెంకటలక్ష్మమ్మ. ఆమె మూలన రాట్నం ముందర కూర్చుని కండెలకు పట్టు చుట్టేది. కథ మొసలి దగ్గరికి వచ్చేసరికి రాట్నం తిప్పే చెయ్యి ఆగిపోయేది. ఎన్నిసార్లు విన్నా అక్కడే ఆగేది. ఓబుళప్ప ఓరకంట ఆ చేతినే చూసేవాడు. నిజం చెప్పాలంటే ఆ చెయ్యి ఆగడం కోసమే ఆయన మొసలిని అన్నేండ్లు మేపుకుంటూ వచ్చినాడు.

పందొమ్మిది వందల యాభైల నడుమ ఒక ఏడు వానలు ఎట్లా కొట్టినాయంటే, చిత్రావతి పొంగి వచ్చి చెరువు నిండి, మిగులు నీళ్లు మరవ మీదుగా పొర్లి పారినాయి. చేపల గుత్త పట్టుకున్న చిన్నస్వామి యాడనుంచో ఒక పుట్టి తెప్పించి నీళ్లలో వేసినాడు. జనం గట్టు మీదికి పోయి దాన్ని కొత్త పెండ్లికూతుర్ని చూసినట్టు చూసి వచ్చినారు. వెంకటలక్ష్మమ్మ కూడా చూసింది. చూసి వచ్చి, సాయంత్రం సంగటి పెడతా, ఎన్నడూ ఏమీ అడగని మనిషి అడిగింది.

"మా ఊరికి నీళ్ల మీద పోవాలని ఉండాదయ్యా."

ఆమె పుట్టిల్లు బండమీదపల్లి, చెరువుకు అవతలి ఒడ్డున. గట్టు చుట్టూ బండి కట్టుకుని పోతే ఒక పూట. చిన్నప్పుడు ఒకసారి చెరువు నిండినప్పుడు పుట్టిలో ఎక్కుతానని ఏడిస్తే, ఆడపిల్లకు పుట్టెందుకని ఇంట్లో కసిరినారంట. ఆ ఆశ ఆమెకు అట్లనే ఉండిపోయింది.

"తుంగభద్రే దాటినోనివి, మన చెరువెంతలే నీకు," అనింది.

అక్కడ ఓబుళప్ప కాసేపు ఊరకుండి ఉంటే సరిపోయేది. కానీ ఆయన నోరు ఆయన కంటే ముందు పుట్టింది. "ఈ చెరువు నాకొక లెక్కా? కండ్లు మూసుకుని దాటిస్తా. వచ్చే అమాసకు పోదాంలే," అనేసినాడు. అమాస నాడు నేతగాళ్లు మగ్గం గుంతలోకి దిగరు, ఆ రోజు సెలవు.

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు. ఓబుళప్పకు ఈత రాదు. పుట్టమన్ను తొక్కినాడు గానీ పుట్టి ఎప్పుడూ తొక్కలేదు. అంతవరకు ఆయన దిగిన లోతు నీళ్లన్నీ పట్టుకు రంగులద్దే తొట్టిలోనివి, మోకాటి దాకా. వీధిలో పరువు పోతుందని కాదు ఆయన బాధ, ఆ పరువు పోయి చాలాకాలమైంది. తన మాటను నమ్మే మనిషి లోకంలో ఒక్కతే ఉండాది, ఆమె కూడా నవ్వేవాళ్లలో చేరిపోతే ఇంక కథ ఎవరికి చెప్పాల?

మరుసటి రోజు పోతులయ్యకు చెప్పుకున్నాడు. పోతులయ్య ఆయనకు మగ్గం జోడు. అంచు వేరే రంగులో నేసే చీరకు ఇద్దరు కావాల. ఒకరు ఇటునుంచి పోగు మోసే నాడె వేస్తే, ఇంకొకరు అటునుంచి అంచు పోగు అందిస్తారు. సంగతి విని పోతులయ్య పోగు తెగేదాకా నవ్వి, కండ్లు తుడుచుకుని, "మరి ఆ మొసలిని యాడ పట్టుకొస్తివబ్బా?" అని అడిగినాడు. తర్వాత, తనను కూడా తీసుకుపోయేటట్టయితే సాయం చేస్తానన్నాడు. ఇట్లాంటిది చూడకుండా ఇంట్లో కూర్చునేవాడు కాదు పోతులయ్య.

చిన్నస్వామినే అడిగితే అరగంటలో నేర్పించేవాడు. కానీ చిన్నస్వామి వల బాగుచేసుకుంటా కూర్చునేది టీ అంగడి ముందర. ఆయనకు పొద్దున చెబితే మధ్యాహ్నానికి బత్తలపల్లి దాకా తెలుస్తుంది. అందుకని జరీ తెచ్చే నెపంతో ఇద్దరూ పెనుకొండ పోయి, హిందూపురం బస్సు నడిపే ఆదినారాయణను పట్టుకున్నారు. ఆయన ఎప్పుడో కృష్ణా నది దగ్గర బస్సును పంటు అనే బల్లకట్టు మీదికి ఎక్కించి ఏరు దాటినవాడని పేరు. దాటినంతసేపూ స్టీరింగు పట్టుకుని కండ్లు మూసుకున్నాడని ఎవరికీ తెలియదు. ఆయన బీడీ ముట్టించి, నీళ్ల మీద పోయేదానికి, రోడ్డు మీద పోయేదానికి పెద్ద తేడా ఏమీ లేదనీ, బరువు రెండు పక్కలా సమంగా ఉండాలనీ, మనిషికొక పక్క కూర్చుని తోలితే బండి తిన్నగా పోతుందనీ చెప్పినాడు. మలుపులో మాత్రం నిదానం అన్నాడు. చెరువులో మలుపు యాడ ఉంటుందని వీళ్లిద్దరిలో ఎవరికీ తోచలేదు.

అప్పటినుంచి వెంకటలక్ష్మమ్మ నీళ్లకు పోయినప్పుడల్లా మగ్గం గుంతలో సాధన. ఓబుళప్ప ఎడమ పక్క, పోతులయ్య కుడి పక్క, చేతుల్లో రంగు కలిపే కట్టెలు. నేత అలవాటు ఎక్కడికి పోతుంది, ఒకరు వేస్తే ఇంకొకరు ఎత్తడం, ఇటు ఒక తెడ్డు, అటు ఒక తెడ్డు, అచ్చం నాడె ఇచ్చి పుచ్చుకున్నట్టే. గుంత యాడికీ కదల్లేదు కాబట్టి వాళ్లకు తప్పు కనబడలేదు. రెండు దినాలకే పోతులయ్య, మనం ఇట్లనే పోతే కర్నూలు చేరినా చేరతామప్పా అన్నాడు.

ఇంక సామాన్ల సంగతి. వాళ్లకు తెలిసిన ప్రయాణం బండి ప్రయాణం ఒక్కటే. కడవ నిండా తాగే నీళ్లు పెట్టుకున్నారు. నీళ్ల మీద పోతా నీళ్లెందుకని ఎవరూ అడగలేదు, మా దిక్కున నీళ్లు లేకుండా గడప దాటడం ఎవరికీ చేతకాదు. పగటి ప్రయాణానికి లాంతరు పెట్టుకున్నారు. మునిగితే తేలేదానికి నాలుగు ఎండు సొరకాయ బుర్రలు. చక్రం కింద పెట్టే రాయిని కూడా పోతులయ్య ఎత్తుకొచ్చినాడు. ఇదెందుకప్పా అంటే, మరి యాడన్నా నిలపాలంటే ఎట్లా అని ఎదురు అడిగినాడు. అదీ నిజమే అనిపించింది ఓబుళప్పకు.

ఓబుళప్ప తల్లి అక్కమ్మ మాత్రం, అమాస పూట నీళ్ల మీద పోవడమేమిరా అని తిట్టిపోసింది. తిట్టినంతసేపూ నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చుతానే ఉండింది. ఆ దండ తెచ్చి తానే పుట్టి అంచుకు కట్టి, గంగమ్మకు టెంకాయ కొట్టింది.

అమాస పొద్దున వీధి మొత్తం గట్టు మీదనే ఉండింది. వెంకటలక్ష్మమ్మ పెండ్లినాటి చీర కట్టుకుని, ఒడిలో పుట్టింటికని ఓళిగల మూట పెట్టుకుని, పుట్టి వెనకపక్క కూర్చునింది. పుట్టిని ఆ పూటకు బాడుగకిచ్చిన చిన్నస్వామి సామాన్లను, ఆ రాయిని ఒక చూపు చూసి, తోలేది తెలుసు కదప్పా అని అడిగినాడు. పెండ్లాం ముందర ఓబుళప్ప ఏం చెప్తాడు? తుంగభద్ర చూసొచ్చినోన్ని అన్నాడు. సరే, లోతు పెద్దగా లేదులే అని చిన్నస్వామి ఒక్క తోపు తోసినాడు.

ఆ తోపు ఉన్నంతసేపు పుట్టి బాగానే పోయింది. తర్వాత వీళ్లిద్దరూ నేర్చుకున్న విద్య మొదలుపెట్టినారు. గుండ్రటి పడవను పక్కనుంచి తోస్తే ఏమవుతుంది, తిరుగుతుంది. ఓబుళప్ప తెడ్డు వేస్తే ఇటు ఒక చుట్టు, పోతులయ్య వేస్తే అటు ఒక చుట్టు. పోతులయ్యది మొద్దు బలం కాబట్టి కాసేపటికి అన్ని చుట్లూ ఒకపక్కకే తిరగడం మొదలైంది. గట్టు పోయింది, పెనుకొండ దిక్కు కొండలు వచ్చినాయి, మళ్లీ గట్టు వచ్చింది, గట్టు మీద అక్కమ్మ నోరు తెరిచి ఉండింది, మళ్లీ కొండలు.

"గంగమ్మకు ప్రదక్షిణం. తుంగభద్రలో అట్లనే చేస్తారు," అన్నాడు ఓబుళప్ప.

వెంకటలక్ష్మమ్మ వెంటనే రెండు చేతులూ జోడించింది. పుట్టి తిరుగుతానే గాలికి నడిమధ్యకు వచ్చింది. పోతులయ్య తెడ్డు వదిలి, పొద్దున తిన్నదంతా చేపలకు పెట్టినాడు. ఓబుళప్ప వెనక్కి తిరిగి పెండ్లాం మొఖం చూసినాడు. ఆమె ఇంకా చేతులు జోడించుకునే ఉండాది. తల తిరుగుతాన్నా, గంగమ్మకు అపచారమని కండ్లు మూసుకుని ఓర్చుకుంటాంది. అనుమానపడి ఉంటే ఓబుళప్ప ఇంకొక అబద్ధం అల్లి ఉండేవాడే. ఆ జోడించిన చేతులు చూసినాక ఆయనకు అబద్ధం రాలేదు. చివరికి అన్నాడు.

"చేతులు దించుమే. ప్రదక్షిణమూ కాదు, పాడూ కాదు. నేను తుంగభద్రను చూడనే లేదు. గుంతకల్లు స్టేషన్లో రైలు తప్పిపోతే వెనక్కి వచ్చేస్తి."

వెంకటలక్ష్మమ్మ కండ్లు తెరిచింది. "పుట్టెడు జనాన్ని దాటిస్తినంటివే."

"పుట్టిలో కాలు పెట్టింది ఈ పొద్దే."

ఆమె జోడించిన చేతులు దించింది. నీళ్లను చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "మరి మొసలి?"

"అదీ లేదు."

"మొసలి ఉండింటే బాగుండు," అనింది, పోయిన చుట్టం గురించి అన్నట్టు.

ఓబుళప్పకు ఆ మాట తెడ్డుతో కొట్టినదానికంటే గట్టిగా తగిలింది. ఇంక చూపించుకునేదానికి ఏమీ మిగల్లేదు. ముందుపక్కకు జరిగి మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో ఉన్న తెడ్డును ఎదురుగా నీళ్లలో పెట్టి, ఊరకే ఒళ్లోకి గుంజినాడు. ఆలోచించి చేసింది కాదు. ఇరవై ఏండ్లుగా పోగు వేసిన ప్రతిసారీ, దాన్ని బిగించే పన్నెను ఒళ్లోకి గుంజి కొట్టే చేతులవి, మనసు బాగలేనప్పుడు అవి చేసే పని అదొక్కటే. పుట్టి తిరగడం ఆగి, మూరెడు ముందుకు పోయింది. ఇంకొకసారి గుంజినాడు. ఇంకొక మూర. కొంచెం కుడికి తిరగబోతే తెడ్డును కొంచెం కుడికి పెట్టి గుంజినాడు, తిన్నగా అయింది.

పోతులయ్య మళ్లీ తెడ్డు అందుకోబోతే ఓబుళప్ప వద్దన్నాడు. నువ్వు ఆ రాయి మీద కూర్చోప్పా, అది తెచ్చింది నీకోసమే అన్నాడు. వెనకనుంచి వెంకటలక్ష్మమ్మ చాలాసేపు ఆయన భుజాలను చూసి, "మగ్గం మీద కూర్చున్నట్టే ఉండావు," అనింది. కోపంగా అనలేదు. ఓబుళప్ప, బుద్ధెరిగినాక మొదటిసారి, నోరు తెరవకుండా అంత దూరం పోయినాడు. చెయ్యి పెట్టి నీళ్లను తాకుతా, తాకుతా ఆమె పోయింది.

బండమీదపల్లి ఒడ్డున ఆమె నాయన నాగన్న, చుట్టుపక్కలవాళ్లు అందరూ నిలబడి ఉన్నారు. చెయ్యి పట్టి దించి, ఇంటికి తీసుకుపోయి, మజ్జిగ చేతికిచ్చి, నాగన్న అడగనే అడిగినాడు. "నడిమధ్యలో ఆ మాదిరి తిరిగితిరే అల్లుడూ, ఏమైంది?"

ఓబుళప్ప గ్లాసు ఎత్తినాడు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే అనుకున్నాడు. నోరు తెరిచేలోపల వెంకటలక్ష్మమ్మ అందుకునింది.

"మొసలి నాయనా."

అందరూ ఆమె పక్కకు తిరిగినారు. ఆమె నిదానంగా ఓళిగల మూట విప్పుతా చెప్పింది. అది ఈ చెరువుది కాదనింది. ముక్కు మీద తట్టించుకున్న తుంగభద్ర మొసలే, ఈ మనిషిని వెతుక్కుంటా ఊరూరా అడుక్కుంటా ఇంత దూరం వచ్చిందనింది. పుట్టి అంచు మీద గడ్డం పెట్టి, బాగుండావా ఓబుళప్పా అన్నట్టు చూస్తే, ఈయన తొణకలేదు బెణకలేదు, పుట్టిని గిరగిరా తిప్పినాడు. దాంతోపాటు అదీ తిరిగి, తిరిగి, కండ్లు తిరిగి, ఇంటికి దారి యాడో తెలియక నీళ్లలో మునిగిపోయిందనింది.

పోతులయ్య ఏదో అనబోయినాడు. ఆమె ఆయన నోట్లో ఒక ఓళిగ పెట్టింది. తర్వాత ఓరకంట మొగుని పక్కకు చూసింది. ఓబుళప్ప చేతిలో మజ్జిగ గ్లాసు నోటి దాకా పోకుండా సగంలో ఆగిపోయి ఉండింది.

రెండేండ్లకు చెరువు మళ్లీ ఎండింది. చిన్నస్వామి పుట్టిని బోర్లించి గొర్రెపిల్లలను మూసిపెట్టుకునేవాడు. అరవైల్లో ఆ వీధిలో మొసలి కథ చెప్పేది వెంకటలక్ష్మమ్మే, ఓబుళప్ప మగ్గం మీదినుంచి వినేవాడు. నీళ్లు పోయినాక మొసలి ఏమయిందని ఎవరన్నా అడిగితే, పెనుకొండలో ఆదినారాయణ బస్సెక్కి హిందూపురం పోయిందనీ, టికెట్టు కూడా తీసుకోలేదనీ చెప్పేది.

"తీసుకునింది," అనేవాడు ఓబుళప్ప. "తోకకు కూడా అడిగితే, దానికి సగమే ఇచ్చింది."