బిళ్ళలక్క బెంచీ

"సంచులకు కాపలా కాయడం కూడా ఒక ఉద్యోగమేనా వదినా?" అని మరిది ఒకసారి నలుగురిలో అడిగేశాడు.

"నీ సంచి పోయిన రోజు చెబుతాలే," అంది ఆమె, వడ్డన ఆపకుండానే.

నాలుగంతస్తుల పెద్ద దుకాణం గుమ్మం దగ్గర పద్దెనిమిదేళ్లు ఆమె జనం సంచులు తీసుకుని నంబరు బిళ్ళలు ఇచ్చింది. పేటంతా బిళ్ళలక్క అనేది. ఏ సంచి ఎవరిదో మొహం చూసి చెప్పగలదు. అయినా బిళ్ళ లేనిదే కన్నకూతురికైనా ఇవ్వదు.

ఒక సోమవారం దుకాణం మూతపడింది. మా పొట్ట కొట్టిందని దాన్ని ఏళ్ల తరబడి తిట్టిన చిన్న కొట్లవాళ్లే ముందుగా ఏడ్చారు. దానికోసం వచ్చే జనమే దారిలో వీళ్ల దగ్గరా కొనేవారు మరి. వీధి వీధంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంది. బిళ్ళలక్క మూడుచోట్ల పని అడిగింది. మూడుచోట్లా వయసు అడిగి, మంచినీళ్లిచ్చి పంపారు. ఆ నెల గది అద్దె కట్టలేకపోతే మరిది ఇంటికి చేరాల్సిందే. దానికంటే మెట్ల మీద పడుకోవడం నయమనుకుంది.

బిళ్ళలు ఎవరికి అప్పజెప్పాలో ఎవరూ చెప్పలేదు. అడుగుదామని వెళ్లి, మూసిన షట్టరు ముందు కూర్చుంది. అంతలో రిటైరైన పంతులమ్మ వచ్చి అలవాటుగా రెండు సంచులు చేతిలో పెట్టేసింది.

"జాగ్రత్తే, గాజు సీసా ఉంది."

"దుకాణం మూసేశారండీ."

"నాకు కంట్లో పొరే గానీ గుడ్డిదాన్ని కాను. కళ్ళ డాక్టరు దగ్గరికి ఈ బరువు మోయమంటావా? బిళ్ళ ఇవ్వు."

ఇచ్చింది. డాక్టరు పని అయ్యాక పంతులమ్మ ఖాళీ చేతులతో తాపీగా తిరిగి, పళ్ళు కొని, జాకెట్టు కుట్టడానికిచ్చి, గంటకు వచ్చింది. పళ్ళమ్మి ఇదంతా గమనించింది. మర్నాడు తన దగ్గరికొచ్చిన ప్రతివాళ్లతో, "ఆ బరువు అక్కడ పడేసి రండి," అంది. వారం తిరక్కుండా దర్జీ తన కొట్టు మెట్ల కింద చోటు ఖాళీ చేసి, ఆమెకో బెంచీ వేశాడు.

కొట్టుకింత చొప్పున నెలనెలా ఆమెకివ్వాలన్న మాట వచ్చినప్పుడు చెప్పుల కొట్టాయన అడ్డం తిరిగాడు. "ఊరికే కూర్చునేదానికి డబ్బులా?"

"ఊరికే కూర్చోవడం గురించి నువ్వే చెప్పాలి అన్నా," అంది పళ్ళమ్మి. "పోయిన నెల ఎన్ని జతలమ్మావు?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి ఒప్పుకున్నాడు.

దీన్ని ఐకమత్యమంటే బిళ్ళలక్క ఒప్పుకోదు. చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఇంకో రెండు కొట్లు ఎక్కుతాడు, అంతేనంటుంది.

కంటి ఆపరేషనయ్యాక పంతులమ్మ కట్టుతోనే వచ్చి సంచి అందించింది. బిళ్ళలక్క ఆమె అరచేతిలో బిళ్ళ పెట్టి వేళ్ళు మడిచింది. "ఏడో నంబరండీ."

"నంబరెందుకే, నన్నెరగవా?"

"ఎరుగుదును. అయినా పట్టుకోండి." బెంచీ మీద కూర్చోబెట్టి, సంచులు చూస్తుండమని దర్జీకి చెప్పి, ఆమె కొనాల్సినవి తనే వెళ్లి కొనుక్కొచ్చింది.

బిళ్ళలక్క ఇప్పటికీ అదే గదిలో ఉంటోంది, అద్దె బకాయి లేదు. పదకొండు కొట్లలో పది ఐదో తేదీకల్లా వాటా ఇచ్చేస్తాయి. చెప్పుల కొట్టాయన మూడు నెలలది ఇంకా ఇవ్వాలి.