మనోడి సెక్షను

ఇంటర్ రెండో ఏడాదిలో నాకు కెమిస్ట్రీ చెప్పిన సారు మీద కోపం నాకింకా చల్లారలేదు. ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు, ఒక్క మార్కు తగ్గించలేదు. ముద్దు చేశాడు. నా కోపమంతా దానికే.

డెబ్బైల చివర్లో తిరుపతి కాలేజీలో మాట ఇది. మొదటి ఏడాది ఆఖర్లో ఒకరోజు సీనియర్లకు ల్యాబులో ప్రయోగం చేసి చూపిస్తుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. గాజు ఫ్లాస్కులో పసుపుపచ్చటి నీళ్లు. పైనుంచి బ్యూరెట్ గొట్టంలోని ఆసిడ్ చుక్క చుక్కగా పడుతోంది. ఎంతసేపు పడ్డా పసుపే. ఉన్నట్టుండి ఒక్క చుక్కకు ఎర్రబడింది. ఆరతి పళ్లెంలో పసుపుకు సున్నం కలిపితే వచ్చే ఎరుపు నాకు కొత్త కాదు. మా నాయన నుదుటి నామంలో నడిమి గీత కూడా ఆ ఎరుపే. అయితే అది ఏ చుక్క దగ్గర మారుతుందో కనిపెట్టడం కూడా ఒక చదువేనని ఆ రోజే తెలిసింది. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదవాలని అక్కడే నిలబడి అనుకున్నాను. ఆ సీట్లు తక్కువ. ఇంటర్ కెమిస్ట్రీలో, అందులోనూ ప్రాక్టికల్స్‌లో, గట్టి మార్కులొస్తేనే దొరుకుతాయి.

రెండో ఏడాదికి కెమిస్ట్రీ సార్లు ఇద్దరు, సెక్షన్లు రెండు. ఎవరి సెక్షను కావాలో తండ్రి చేత సంతకం పెట్టించుకు రమ్మన్నారు. నేను చూసిన ప్రయోగం చేసినాయనను ల్యాబు సారు అనేవాళ్లం. కసురుకునే రకం. పిపెట్ పట్టుకోవడం రాకపోతే అందరి ముందూ కడిగేస్తాడు, వచ్చేదాకా ఇంటికి పంపడు. రెండో ఆయన నోట్సు సారు. మెత్తటి మనిషి, చెప్పిందే చెప్పి రాయిస్తాడు. నాకు ల్యాబు సారే కావాలి.

మా నాయన కొండ కింది గుళ్లో కైంకర్యం చేసేవాడు. ఎవరు బాగా చెబుతారని ఆయన అడగలేదు.

"ఆ సారు ఏ నామం?" అన్నాడు.

వైష్ణవుల్లో నామాలు రెండు రకాలు. మాది ముక్కు మీదికి పాదం దిగే నామం, నోట్సు సారుదీ అదే. ల్యాబు సారుది పాదం లేనిది. దేవుడొక్కడే, ప్రసాదమొక్కటే. ఆ కాస్త తెల్లమట్టి ముక్కు మీదికి దిగాలా వద్దా అని తరతరాలుగా కొట్టుకు చచ్చే జనం మేం. గుడి ఏనుగుకు ఏ నామం దిద్దాలని కోర్టుకెక్కిన పెద్దల గురించి మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఏనుగును మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

"ఆయన బాగా చెప్తాడంట నాయనా," అన్నాను.

"చెప్తే చెప్పనీ. మార్కులేసేకాడ వాళ్ళ పిల్లోళ్ళను సూసుకుంటాడు గానీ నిన్ను సూస్తాడా? మనోడుండంగా వాళ్ళ గడప తొక్కేదేంది?"

"మార్కులేసేది బయటినుంచి వచ్చే సారు."

"ఎవరొచ్చినా మనోడు ఒక మాట చెప్తాడులే."

అమ్మ వైపు చూశాను. అమ్మ చేటలోంచి తలెత్తలేదు. నాయన నోట్సు సారు సెక్షనుకు సంతకం పెట్టేశాడు.

కాలేజీ తెరిచేలోపే నాయన నోట్సు సారు దగ్గరికి వెళ్లి ఫలానా పిల్ల మాదే అని చెప్పి వచ్చాడు. మొదటి ప్రాక్టికల్ రోజు నేను బ్యూరెట్ మీద చెయ్యి వేయబోతే నోట్సు సారు గబగబా వచ్చాడు.

"నువ్వొద్దులే పాపా. ఆసిడ్ మీద పడితే ఏం కావాల? పెండ్లి కావాల్సిన పిల్లవి. మీ నాయనకు నేనేం జవాబు చెప్పేది? ఆడ కూసో, రీడింగులు నేనిప్పిస్తా."

"నేర్చుకోవాల గదా సార్."

"మనోళ్ళ పిల్లవి, నీకెందుకా బాధ. నేనుండాను గదా."

ఏడాదంతా అదే పాట. పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి నా పక్క బల్ల దగ్గర నిలబడి, గాజు సామాను పగలగొట్టి, అంత మెత్తటాయన చేతా తిట్లు తిని, పని నేర్చుకుంది. ఆమె ఆయనకు ఏమీ కాదు, కాబట్టి బాగుపడింది. నేను స్టూలు మీద కూర్చుని ఆమె రీడింగులు దించుకున్నాను. ఇంటికొచ్చి గోడు వెళ్లబోసుకుంటే నాయన పొంగిపోయాడు.

"సూసినావా, మనోడంటే అదీ," అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. నా చేతులు కాలనే లేదు, అదే నా ఖర్మ.

పరీక్షలో నాకు పడింది ఆ పసుపు నీళ్ల ప్రయోగమే. పిపెట్‌తో పీలిస్తే ద్రావణం నోట్లోకి వచ్చింది. బ్యూరెట్ కొళాయి తిప్పితే చుక్కకు బదులు ధార పడింది. నేను కట్టేసేలోపే ఫ్లాస్కంతా ఎర్రబడింది. కడిగి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. కిటికీ దగ్గర నిలబడి నోట్సు సారు భయపడొద్దన్నట్టు తలూపుతున్నాడు. ఆ ఫ్లాస్కు ఆయన మీదికి విసరాలనిపించింది.

బయటినుంచి వచ్చిన సారు నా పక్కన ఆగి కాసేపు చూశాడు.

"ఇంతకు ముందు ఎప్పుడన్నా చేసినావామ్మా?"

"లేదు సార్," అన్నాను.

ఆయన నోట్సు సారు వైపు ఒకసారి చూసి ముందుకు వెళ్లిపోయాడు.

బొటాబొటి మార్కులతో గట్టెక్కాను. బి.ఎస్సీ. సీట్లు ప్రకటించినప్పుడు పుత్తూరు అమ్మాయికి వచ్చింది, నాకు రాలేదు. ఆ సాయంత్రం నాయన నోట్సు సారు ఇంటికి వెళ్లాడు. వెళ్లేటప్పుడు వేలాడేసుకున్న మొహం తిరిగొచ్చేసరికి తేటపడింది.

"పరీక్షకొచ్చినోడు వాళ్ళోడంట. మనోడు చెప్పినా ఇన్లేదంట," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను ఆయన ఎదురుగానే నిలబడుంటి నాయనా. ఆయన నుదుట ఏ నామమూ లేదు. బొట్టు కూడా లేదు."

నాయన పైపంచ దులిపి దండెం మీద వేసుకున్నాడు.

"తుడుసుకోనొచ్చింటాడు," అన్నాడు.

ఆ క్షణంలో ఆయన్ని ద్వేషించాను. మరుసటి వారం దగ్గరుండి ఆయనే నన్ను బి.ఏ.లో చేర్చాడు. బి.ఏ.కు సెక్షను ఒక్కటే. అయినా గుమ్మం దగ్గర నన్ను ఆపి, పాఠం చెబుతున్న సారు నుదుటి వైపు తొంగి చూసి, ఆ తర్వాతే లోపలికి పొమ్మన్నాడు.