తెర కింద అన్న నంబరు

అన్న పోయాడని మేనేజరు ఫోన్ చేసినప్పుడు నేను సూర్యాపేట బస్టాండు దగ్గర ఇడ్లీ తింటున్నాను. "సరే సార్" అన్నాను. చట్నీ మళ్లీ వేయించుకుని ఇడ్లీ పూర్తిగా తిన్నాను. తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది. మోతెలో అన్న వాళ్లింటి ముందు షామియానా కింద కూర్చున్నప్పుడు కూడా ఏడుపు రాలేదు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, ఆఫీసులో నా సీనియర్. నాకొచ్చిన పనంతా ఆయన నేర్పిందే. మిర్యాలగూడ, కోదాడ రైస్ మిల్లుల గేట్ల దగ్గర వడ్ల ట్రాక్టర్లకు టోకెన్లిచ్చే సాఫ్ట్‌వేర్ మాది. ప్రతి మిల్లులో కంప్యూటరు తెర అడుగున "ఇబ్బంది వస్తే ఫోన్ చేయండి" అని అన్న నంబరు ఉండేది.

కోతల రోజుల్లో టోకెన్ల లెక్కంతా ఉండే ఒకే డేటాబేసు మీద అందరూ పడేసరికి అది మొరాయించేది. అన్న దానికి నకళ్లు పెట్టి, మధ్యలో ఒక ప్రాక్సీని నిలబెట్టాడు. కొత్తగా రాసేదాన్ని అసలు డేటాబేసుకు, ఊరికే చూడ్డానికి వచ్చేదాన్ని నకళ్లకు పంపడం దాని పని. "సూసెటోళ్లు ఎక్కువ, రాసెటోళ్లు తక్కువ. అందర్ని ఒక్క తొవ్వల తోలితే ఎట్ల?" అనేవాడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు కదా, ఏది చెప్పినా తోలడమే.

అంతా బాగుందనుకున్నాం. ఒకరోజు మిర్యాలగూడలో ఒక మిల్లు గేటు దగ్గర కంప్యూటరు చూసే అక్క టోకెన్ రాసి, వెంటనే చూస్తే కనబడలేదు. రాసింది నకలుకు చేరడానికి కాస్త సమయం పడుతుంది మరి. ఆమె మళ్లీ రాసింది. ఒకే ట్రాక్టరుకు రెండు టోకెన్లు, వెనకున్న రైతుల లొల్లి.

"జర ఆగి సూడమందాం అన్నా" అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. "ఆమె రాసింది ఆమెకే కనవడకుంటే మనల్ని ఎట్ల నమ్ముతది? రాసినోళ్లకు ముందు అసలుదే సూపియ్యాలె."

మరునాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, ఆ గేటు దగ్గర గోనెసంచి మీద కూర్చుని ఆమె పని చూశాడు. వచ్చాక ప్రాక్సీలో నియమం మార్చాడు. ఎవరు రాస్తే, కాసేపు వాళ్లు చూసేది కూడా అసలు నుంచే. మిగతావాళ్లకు నకళ్లే.

కోదాడ పోతే మునగాల దగ్గర టీ తాగాల్సిందే. వద్దన్నా తన టీలో సగం నా కప్పులో వంచేవాడు. ఏదైనా మార్చేటప్పుడు, ఎంటర్ నొక్కే ముందు అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకునేవాడు. నేను నవ్వితే "నవ్వు నవ్వు. సూసుడు వేరు, రాసుడు వేరు" అనేవాడు.

అంత్యక్రియలైన మరునాడు మేనేజరు తెర అడుగున అన్న నంబరు తీసి నాది పెట్టమన్నాడు. పొద్దంతా వేరే పనులు కల్పించుకున్నాను. తీసేస్తే అన్న లేడని ఒప్పుకున్నట్టే, అందుకే చెయ్యి రాలేదు. సాయంత్రం మిర్యాలగూడ అక్క ఆఫీసుకు ఫోన్ చేసింది.

"అన్న ఫోన్ ఎత్తుతలేడు. ఊరికి పోయిండా?"

"ఉండక్కా" అని, అరచెయ్యి చున్నీకి తుడుచుకుని నంబరు మార్చి ఎంటర్ నొక్కాను. రాసింది నేను కదా, నా తెర మీద అన్న నంబరు వెంటనే పోయింది. ఆయన పెట్టిన నియమమే. మిగతావాళ్లు చూసే నకళ్లకు ఇంకా చేరి ఉండదు. అప్పుడు ఏడుపొచ్చింది.

"అక్కా, నీ తెర కింద ఏ నంబరున్నది?"

"అన్నదే ఉన్నది. సదవాల్నా?"

"సదువక్కా."

ఆమె ఒక్కొక్క అంకె చదువుతూ పోయింది. నేను ఫోను చెవికి ఆనించుకుని వింటూ కూర్చున్నాను.