సోయా గింజలకు బాపు చేసిన వైద్యం

మొన్న నిజామాబాద్‌లో విత్తనాల దుకాణానికి వెళ్తే, గులాబిరంగు మందు పట్టించిన సోయా సంచి నా ముందు పెట్టి, "దీనికి ఇంకేం చేసేది లేదక్కా, తీస్కపోయి విత్తుడే" అన్నాడు దుకాణదారు. ఇంకేం చేసేది లేదట! ఆ మాట మా నాన్నకు, అదే మా బాపుకు, చెప్పి ఒప్పించగల మనిషి ఈ జిల్లాలో పుట్టలేదు.

డెబ్బైల మొదట్లో సంగతి. తొలి కాన్పుకని నేను బోధన్ దగ్గరున్న పుట్టింటికి వచ్చాను. ఆ ఏడు నిజాంసాగర్ కాలువ నీళ్ళు మా చివరి మడి దాకా రావని తేలిపోయింది. నీళ్ళు లేనిచోట చెరుకు ఎట్లా పెడతారు? ఆ మడి తనకిచ్చేస్తే బావి తవ్వించుకుంటానని బాపు వాళ్ళన్న, మా పెద్దబాపు, కబురు పెట్టాడు. బాపుకు రోషం వచ్చింది. మా ఊళ్ళో ఎవరూ ఎరగని సోయా గింజలు ఊరూరా తిరిగి కొత్త పంటల గురించి చెప్పే గ్రామసేవకుడి దగ్గర ఒక సంచెడు తెచ్చి, ఇవి మొలవకపోతే మడి నీదేనని నలుగురిలో అన్నకు మాటిచ్చి వచ్చాడు. గ్రామసేవకుడు చెప్పింది చిన్న పనే. పల్చటి బెల్లం నీళ్ళలో తానిచ్చిన నల్లటి కల్చర్ పొడి, అంటే మొక్కకు మేలుచేసే సూక్ష్మజీవుల పొడి, కలిపి, గింజలకు పట్టించి, నీడన ఆరబెట్టి, తడి నేలలో విత్తాలి. "నానబెట్టకు పటేలా, పొట్టు పగిలితే మొలక సస్తది" అని రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళాడు.

అతని సైకిలు మలుపు తిరిగిందో లేదో, బాపు గంగాళం నిండా నీళ్ళు పోశాడు. "వడ్లు నానేస్తలేమా? గిది ఏమన్న నవాబా?" అన్నాడు. తెల్లారేసరికి గింజలు ఉబ్బి, పొట్టు ఊడి, పప్పుబద్దల్లా విడిపోతున్నాయి. అది చూసి కంగారుపడి మండుటెండలో పోశాడు. ముడుచుకుపోయాయి. బలం రావాలని పాకమంత చిక్కగా బెల్లం పట్టించాడు. చీమలు పట్టాయి. చీమలకని బూడిద చల్లాడు. వద్దన్న ప్రతిసారీ, నిండు చూలాలికి కోపం మంచిది కాదని నాకే బుద్ధి చెప్పాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మృగశిర కార్తెలో పడే మిరుగు వానకు విత్తితే అక్కడొకటి ఇక్కడొకటి, మెడ వంగిన మొలకలు వచ్చాయి. బాపు ముఖం మీద తువ్వాల కప్పుకొని పడుకున్నాడు. అన్నం ముట్టలేదు. అప్పుడు అవ్వ, మేము అమ్మను అట్లాగే పిలిచేవాళ్ళం, లోపలికి వెళ్ళి తవుడు కుండ తెచ్చింది. మొగుడి సంగతి తెలిసిన మనిషి కనుక, మొదటిరోజే సగం గింజలు అందులో దాచిపెట్టింది. బాపు లేచి కూర్చున్నాడు. కాసేపు వాటినే చూసి, గోమూత్రం పట్టిస్తే ఎట్లుంటుందని అడిగాడు.

"నువ్వు ముట్టకు. దాంట్ల పానమున్నది, దాన్ని బతకనియ్యి" అంది అవ్వ. ఆమె గొంతు పెంచలేదు. బాపు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నేనూ అవ్వా గ్రామసేవకుడు చెప్పినట్టే చేసి, గింజలను వసారా నీడన ఆరబోశాం. చేతులు వెనక్కి కట్టుకొని బాపు వాటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. మలి వానకు విత్తితే సాలు తప్పకుండా మొలిచాయి. పెద్దబాపు గట్టు మీద నిలబడి చూసి, ఇంటిదారి పట్టాడు. పండిన సోయాను కొనే దిక్కు లేక బర్రెలకు ఉడకేశాం గాని, మడి మాత్రం మాకు దక్కింది.

"మొదలు ఏసినయి మురిగి ఎరువైనయి, గందుకే తర్వాతియి గంత బలంగ మొలిచినయి" అని బాపు చివరిదాకా అందరికీ చెప్పాడు. అవ్వ ఒక్కసారీ కాదనలేదు. నాకు మాత్రం విన్న ప్రతిసారీ ఒళ్ళు మండేది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, సుఖంగా గడిచిన రోజులు ఎటు పోయాయో తెలియదు. ఆ మనిషితో వేగలేక విసుక్కున్న రోజులే దండిగా మిగిలాయి.